సగం సర్కారుది, సగం కంపెనీది: ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల సాఫ్ట్‌వేర్‌కు ఉమ్మడి ఖర్చు

హోసూరు, శ్రీపెరంబుదూరు, బెంగళూరు చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలకు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ అనే మాట కొత్త కాదు. ఒడిశాలోని మనవాళ్ళకూ అది దగ్గరైంది. 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు సెమీకండక్టర్ యూనిట్లలో రెండు భువనేశ్వర్‌కు, ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు దక్కాయి. ఇలాంటి వార్తలన్నిటిలో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ఖర్చులో సగం దాకా ప్రభుత్వం భరిస్తుంది.

మన పన్నుల డబ్బు ఒక కంపెనీకి ఎందుకు ఇవ్వాలి? తిరిగి మనకు ఏం వస్తుంది? భవనాలకు, యంత్రాలకు ఇచ్చిన సొమ్ము కనీసం కంటికి కనబడుతుంది. ఫ్యాక్టరీని నడిపే సాఫ్ట్‌వేర్‌కు పెట్టింది కనబడదు. ఆ సాఫ్ట్‌వేర్ కోసం ప్రభుత్వం, పరిశ్రమ ఖర్చు పంచుకున్న అనుభవం అమెరికాకు బాగా ఉంది. దాన్ని తెలుసుకుంటే మన దేశపు పథకాలను అర్థం చేసుకోవడం తేలికవుతుంది. అందుకే ఈ వ్యాసం.

ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ పని ఏమిటి?

చిప్ తయారయ్యే సిలికాన్ పళ్ళాన్ని వేఫర్ అంటారు. అది వందలాది దశలు దాటాలి. ఏ వేఫర్ ఏ యంత్రం దగ్గర ఉంది, తర్వాత ఎక్కడికి పోవాలి, ఎంత వేడి, ఎంత సేపు అన్నది సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఒక దశలో కొలత కాస్త తేడా వస్తే తర్వాతి దశను సరిదిద్దేదీ అదే. సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలోనూ అంతే. విడిభాగాలను బోర్డు మీద అమర్చడం, సోల్డరింగ్, తనిఖీ అన్నీ ఒక వరసలో నడవాలి.

అసలు చిక్కు ఏమిటంటే, యంత్రాలు ఒక్కొక్కటి ఒక్కో కంపెనీవి. దేని లెక్క దానిది. వాటన్నిటి చేత ఒకే భాష మాట్లాడించే పని ఎవరో ఒకరు చెయ్యాలి.

ఉమ్మడి బావి లెక్క

నలుగురు రైతుల చేల మధ్య ఒక బావి కావాలి. ఒక్కడే తవ్విస్తే ఖర్చు అతనిది, నీళ్ళు నలుగురివీ. అందుకే ఎవరూ ముందుకు రారు. ప్రభుత్వం సగం ఇస్తాను, మిగతా సగం మీరు వేసుకోండి అంటే పని మొదలవుతుంది. బావి తవ్వాక ఎవరి పంట వారిదే. పంట అమ్ముకోవడంలో పోటీ కూడా మామూలే.

యంత్రాలను కలిపే సాఫ్ట్‌వేర్, ఉమ్మడి ప్రమాణాలు బావి లాంటివి. కంపెనీ అమ్ముకునే చిప్ పంట లాంటిది. ప్రభుత్వం బావికి ఇవ్వవచ్చు, పంటకు ఇవ్వకూడదు అన్నది ఈ పద్ధతికి మూలసూత్రం. ఆచరణలో ఆ గీత ఎక్కడ గీయాలన్నదే ఎప్పుడూ తగువు.

సెమాటెక్: 14 కంపెనీల పొత్తు

1980లలో చిప్‌ల మార్కెట్‌లో జపాన్ ముందుకు దూసుకుపోయింది. అమెరికా కంపెనీలు కంగారుపడ్డాయి. పోటీ కంపెనీలు కలిసి పరిశోధన చేసుకోవడానికి చట్టపరమైన వెసులుబాటు 1984లోనే దొరికింది. 1987లో ఇంటెల్, ఐబీఎం, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, మోటరోలా, ఏఎండీ సహా 14 కంపెనీలు సెమాటెక్ అనే సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. దాని కేంద్రం టెక్సాస్‌లోని ఆస్టిన్. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నాయిస్ దానికి తొలి అధిపతి.

రక్షణ శాఖలోని పరిశోధన సంస్థ డార్పా ద్వారా ప్రభుత్వం ఏడాదికి సుమారు 10 కోట్ల డాలర్లు ఇచ్చేది. కంపెనీలు దానికి సమానంగా తమ వాటా వేసేవి. ఒక్కో కంపెనీ తన సెమీకండక్టర్ అమ్మకాల్లో 1 శాతం చొప్పున, 10 లక్షల డాలర్లకు తగ్గకుండా, 1.5 కోట్ల డాలర్లకు మించకుండా కట్టాలి. యంత్రాల తయారీదారులను బలపరచడం, ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్‌కు ఉమ్మడి నమూనా తయారుచేయడం దాని పనుల్లో ముఖ్యమైనవి. ప్రభుత్వ సొమ్ము ఇక వద్దని సంస్థ 1994లో తానే నిర్ణయించుకుంది. 1996తో ఆ నిధులు ఆగాయి.

మూడు రోజుల్లో చిప్

ఇదే కాలంలో డార్పా, అమెరికా వైమానిక దళం, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కలిసి ఖర్చు పెట్టుకుని 1988లో మరో ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఫ్యాక్టరీ మొత్తాన్ని విడివిడి సాఫ్ట్‌వేర్ భాగాలుగా రాసి, కావలసినట్టు అతికించుకునే పద్ధతి తయారుచేశారు. వారాలు పట్టే చిప్ తయారీని మూడు రోజుల లోపు పూర్తిచేయవచ్చని 1993లో చేసి చూపించారు. ఆ సాఫ్ట్‌వేర్ ఆలోచనలే తర్వాత సెమాటెక్ ఉమ్మడి నమూనాకు పునాది అయ్యాయి. ఒక కంపెనీలో జరిగిన పని పరిశ్రమ అందరికీ అందిన తీరుకు ఇది మంచి ఉదాహరణ.

షరతులతో ఇచ్చిన డబ్బు

1988 నాటి చట్టం కింద అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ ప్రోగ్రామ్ అనే పథకం వచ్చింది. దీన్ని నడిపింది అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్. ఫ్యాక్టరీల్లోని రకరకాల సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి కలిపే సాంకేతికత కోసం 1990లలో ఇందులో ప్రత్యేక విభాగమే పెట్టారు. చూడాల్సినవి దాని షరతులు:

- ఒంటరిగా వచ్చే కంపెనీకి మూడేళ్ళకు గరిష్ఠంగా 20 లక్షల డాలర్లు. పరోక్ష ఖర్చులన్నీ కంపెనీవే.
- కంపెనీలు జట్టుగా వస్తే ఐదేళ్ళ దాకా సాయం. కానీ మొత్తం ఖర్చులో సగానికి పైగా జట్టే పెట్టాలి.
- పేటెంటు కంపెనీలదే. తన అవసరాలకు వాడుకునే హక్కు మాత్రం ప్రభుత్వం ఉంచుకుంటుంది.

కంపెనీ సొంత డబ్బు కూడా పెట్టాలన్న షరతే ఇందులో కీలకం. ఊరికే వచ్చిన సొమ్ముతో ఏ పనైనా మొదలుపెట్టవచ్చు. తన జేబులోంచి సగం పోతుందంటే పనికొచ్చేదే ఎంచుకుంటారు.

విమర్శలూ ఉన్నాయి

సెమాటెక్ పెద్ద కంపెనీలకే మేలు చేస్తోందని చిన్న కంపెనీలు గట్టిగా వాదించాయి. 1992లో రెండు, ఆ మరుసటి ఏడాది మరొకటి బయటికి వెళ్ళిపోయాయి. సెమాటెక్ సాయం పొందిన జీసీఏ అనే యంత్రాల కంపెనీ 1993లో మూతపడింది. ఇర్విన్, క్లెనో అనే ఆర్థికవేత్తలు లెక్కలు చూసి, సభ్య కంపెనీలు తమ పరిశోధన ఖర్చును ఏడాదికి సుమారు 30 కోట్ల డాలర్ల మేర తగ్గించుకున్నాయని తేల్చారు. ఒకే పని పదిచోట్ల చేయడం తప్పింది కాబట్టి అది ఆదా అని కొందరు అన్నారు. కంపెనీలు సొంతంగా చేసుకోగల పనికి ప్రజల సొమ్ము ఎందుకని ఇంకొందరు అడిగారు. నిస్ట్ పథకం మీద కూడా ఇదే వాదన నడిచి, చివరికి 2007 చట్టంతో అది రద్దయింది.

మన దేశంలో

2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ కార్యక్రమం ప్రకటించింది. ఫ్యాక్టరీలకు ప్రాజెక్టు ఖర్చులో 50 శాతం దాకా ఇస్తారు. కంపెనీ తన వాటా ఖర్చుపెడుతూ పోతే, దానికి సమానంగా ప్రభుత్వ వాటా విడుదలవుతుంది.

చిప్‌ల డిజైన్‌కు వేరే పథకం ఉంది. అర్హమైన ఖర్చులో 50 శాతం దాకా, ఒక్కో దరఖాస్తుకు గరిష్ఠంగా 15 కోట్ల రూపాయలు తిరిగి చెల్లిస్తారు. సాయం తీసుకున్నాక మూడేళ్ళ పాటు కంపెనీ భారతీయుల చేతిలోనే ఉండాలి. డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేర్ చాలా ఖరీదు. చిన్న కంపెనీలు, కాలేజీలు కొనలేవు. బెంగళూరులోని సీడాక్‌లో చిప్‌ఇన్ అనే కేంద్రం పెట్టి, ఆ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉమ్మడిగా అందుబాటులోకి తెచ్చారు. ఇది మన ఉమ్మడి బావి.

అయితే ఈ పథకం డిజైన్ కోసం పెట్టింది. ఫ్యాక్టరీని నడిపే సాఫ్ట్‌వేర్ దీని పరిధిలోకి రాదు. యంత్రాలు, గోడలు మన గడ్డ మీద ఉన్నా, వాటిని నడిపే బుర్ర బయటిదే అయితే ఏటా అద్దె కడుతూనే ఉండాలి.

మనం అడగాల్సినవి

ఇకపై సగం ఖర్చు ప్రభుత్వానిది అన్న వార్త చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. మిగతా సగం కంపెనీ నిజంగా ఎప్పుడు పెడుతోంది? ఆ డబ్బు బావికా, పంటకా? పని ముగిశాక అది ఎవరి సొంతం? పనిచేసినవాళ్ళకు ఏ నైపుణ్యం మిగులుతుంది?

చివరి ప్రశ్న మన ఇళ్ళకు నేరుగా తగులుతుంది. ఎలక్ట్రానిక్స్ అంటే అసెంబ్లీ లైన్ ఉద్యోగం ఒక్కటే అని మనలో చాలామంది అనుకుంటారు. డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే పిల్లలకు యంత్రాల అనుసంధానం, తయారీ సమాచార విశ్లేషణ, చిప్ డిజైన్ కూడా దారులే. మీ పిల్లల కాలేజీకి చిప్‌ఇన్ సౌకర్యం ఉందో లేదో ఒకసారి అడిగి చూడండి. బావి తవ్వింది మన డబ్బుతోనే. నీళ్ళు తోడుకోవడానికి మొహమాటం అక్కర్లేదు.