ఆరున్నరకు అందరూ

1925 మార్చి 31 ఉదయం న్యూయార్క్ నగరంలో కొన్ని వేల ఇళ్ళలో జనం పైజామాల మీదే రేడియో ముందు నిలబడి చేతులు పైకెత్తారు. ఎత్తమన్నవాడి పేరు ఆర్థర్ బాగ్లీ. మెట్రోపాలిటన్ లైఫ్ బీమా కంపెనీ టవర్‌లోని స్టూడియో నుంచి అతను అంకెలు లెక్కపెడుతుంటే న్యూయార్క్, బోస్టన్, వాషింగ్టన్ స్టేషన్లు దాన్ని ప్రసారం చేశాయి. 700 అడుగుల ఆ టవర్ 1909 నుంచి 1913 దాకా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన భవనం. దాని గడియారం చూసి ఊరు లేచేది. ఇక మీదట దాని రేడియో విని ఒళ్ళు వంచాలన్నది కంపెనీ ఆలోచన.

బీమా కంపెనీకి జనం కసరత్తుతో పనేమిటి? లెక్క సులువే. పాలసీదారు ఎన్నేళ్ళు బతికితే అన్నేళ్ళు ప్రీమియం వస్తుంది, క్లెయిము అంత వెనక్కి పోతుంది. అందుకే అడిగినవాళ్ళకల్లా వ్యాయామ భంగిమల బొమ్మల పటాన్ని కంపెనీ తన ఖర్చుతోనే పోస్టులో పంపింది.

ఇంట్లో ఒంటరిగా చేసే కసరత్తుకు అప్పటికే ఒక సాధనం ఉంది. యేల్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ శిక్షకుడు వాల్టర్ క్యాంప్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పన్నెండు వ్యాయామాల వరస ఒకటి తయారుచేశాడు. 1920ల మొదట్లో అది గ్రామఫోను రికార్డులుగా వచ్చి బాగా అమ్ముడుపోయింది. అయితే రికార్డుకు ఒక లోపం ఉంది. మనం ఎప్పుడు పెడితే అప్పుడే పాడుతుంది. ఇవాళ వద్దనుకుంటే నోరెత్తదు. రేడియో అలా కాదు. మనం లేచినా, ముసుగుతన్ని పడుకున్నా తన వేళకు తాను మొదలుపెట్టేస్తుంది. ‘పక్కింటివాళ్ళు ఈపాటికి మొదలుపెట్టేసి ఉంటారు’ అన్న ఆ చిన్న గుబులు రికార్డుకు లేని బలాన్ని రేడియోకు ఇచ్చింది.

బాగ్లీ కార్యక్రమం పదేళ్ళు నడిచి 1935లో ఆగిపోయింది. అమెరికాలో ఇప్పుడు దాన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఆ విత్తనం మొలిచింది పసిఫిక్ మహాసముద్రానికి ఇవతల, జపాన్‌లో.

జపాన్ తపాలా శాఖ 1916లో పేదల కోసం ఒక బీమా పథకం మొదలుపెట్టింది. ప్రీమియం తక్కువ, వైద్య పరీక్ష అసలే లేదు. ఎవరి ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో చూడకుండా పాలసీ రాసిచ్చే సంస్థకు జనం ఆరోగ్యం గురించి మామూలు కంపెనీల కంటే ఎక్కువ బెంగ ఉండటం సహజం. ఆ శాఖ అధికారి ఇనొకుమా తెయిజీ యూరప్, అమెరికా పర్యటనలో ఉన్నప్పుడు మెట్రోపాలిటన్ కంపెనీ రేడియో పథకం గురించి విన్నాడు. తిరిగొచ్చాక 1925లో దాని గురించి రాశాడు. టోక్యోలో రేడియో ప్రసారాలు మొదలైంది కూడా ఆ ఏడాది మార్చిలోనే.

మూడేళ్ళకు ముహూర్తం కుదిరింది. 1928 నవంబరులో హిరోహితో చక్రవర్తి పట్టాభిషేకం. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని నవంబరు 1 ఉదయం 7 గంటలకు ‘రాజియో తైసో’, అంటే రేడియో కసరత్తు, టోక్యోలో మొదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరికి దేశమంతా విస్తరించింది. మైకు ముందు నిలబడిన ఎగీ రీచీ సైనిక బ్యాండులో పనిచేసి వచ్చినవాడు. ఆయన గొంతు పదేళ్ళకు పైగా పొద్దున్నే రేడియోలో పలికింది. పిల్లలకు ఆయన రేడియో కసరత్తు మామయ్య అయిపోయాడు.

అయితే చిక్కంతా రేడియో దగ్గరే వచ్చింది. అప్పటికి జపాన్ జనాభా ఆరు కోట్ల పైచిలుకు. రేడియో లైసెన్సులు పది లక్షలకు చేరింది 1932లో. ఇంటింటా చేసుకోవాలని తయారుచేసిన కసరత్తు చాలా ఇళ్ళలోకి అడుగే పెట్టలేని పరిస్థితి. తపాలా సిబ్బందే దాన్ని వీధుల్లోకి మోసుకెళ్ళారు. బొమ్మల కాగితాలు పంచారు, భంగిమలు చేసి చూపించారు. రేడియో ఉన్న చోటికి లేనివాళ్ళు వచ్చి నిలబడ్డారు. నలుగురూ కలిసి చేయడం మొదట్లో ఎవరూ వేసిన పథకం కాదు. రేడియోల కరువు వల్ల పడిన అలవాటు.

ఆ అలవాటుకు ఒక రూపం తెచ్చింది టోక్యోలోని కాండా ప్రాంతం. 1923 భూకంపం తర్వాత నగరాన్ని మంటలు మింగేస్తుంటే ఇజుమిచో, సకుమాచో పేటల జనం ఇళ్ళు వదిలి పారిపోలేదు. వరసలు కట్టి బకెట్లతో నీళ్ళు అందించుకుంటూ తమ వీధుల్ని కాపాడుకున్నారు. చుట్టూ బూడిద, మధ్యలో సుమారు 1,600 ఇళ్ళు నిలిచాయి. కలిసి పనిచేయడం వాళ్ళకు కొత్తగా నేర్పక్కర్లేదు. 1930 వేసవిలో అక్కడి మన్సెయిబాషి పోలీస్ స్టేషన్‌లో పనిచేసే ఒక పోలీసు, సెలవుల్లో పొద్దెక్కేదాకా పడుకునే పిల్లల్ని లేపి, ఒక చోట చేర్చి, రేడియో కసరత్తు చేయించడం మొదలుపెట్టాడు. ఏడాది తిరిగేసరికి అలాంటి వేసవి కూటాలు దేశమంతా వెలిశాయి. సకుమా పార్కులో ఆ సంగతి చెప్పే శిలాఫలకం ఇప్పటికీ ఉంది.

ఈ వేసవి కూటాలను నిలబెట్టిన వస్తువు చాలా చిన్నది. అరచేతిలో పట్టే అట్టముక్క, దాని మీద తేదీల గళ్ళు, పైన రంధ్రం, అందులోంచి ఒక దారం. పిల్లలు దాన్ని మెళ్ళో వేసుకుని వస్తారు. కసరత్తు అయ్యాక వరసలో నిలబడితే పేట పెద్ద ఎవరో ఆ రోజు గడిలో ముద్ర వేస్తారు. కొన్నిచోట్ల ఆయన సొంత పేరు ముద్రే, కొన్నిచోట్ల రబ్బరు కుందేలో పువ్వో. ముద్ర ముందు వేయరు, ఆఖర్న వేస్తారు. అందులోనే ఉంది కిటుకంతా. మధ్యలో జారుకుంటే గడి ఖాళీ. ఆలస్యంగా వచ్చి, చివరి కదలిక వేళకు వరసలో దూరి ముద్ర కొట్టించుకునే గడుగ్గాయిలు ప్రతి పేటలోనూ ఉండేవాళ్ళు. వాళ్ళు కూడా పక్క దిగి వచ్చినట్టే కదా అని పెద్దలు చూసీచూడనట్టు ఊరుకునేవారు. సెలవులు అయ్యాక కార్డు చూపిస్తే నోటుపుస్తకమో, పెన్సిళ్ళో, మిఠాయి పొట్లమో ఇస్తారు. ఆ బహుమతి విలువ ఎంతో అందరికీ తెలుసు. అయినా ముప్పై గళ్ళ మధ్య ఒక్క ఖాళీ గడి కనబడితే పిల్లవాడికి కలిగే చిన్నతనం ముందు పెన్సిలు ఖరీదు లెక్కలోకి రాదు.

ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని చూసే ఆ కన్నే ఇంకొన్నాళ్ళకు వేరే పనికి ఉపయోగపడింది. 1930లు గడిచేకొద్దీ జపాన్ యుద్ధంలో కూరుకుపోయింది. కసరత్తు కూటాల్లో జెండా ఎగరేయడం, చక్రవర్తి కోట ఉన్న దిక్కుకు వంగి నమస్కరించడం చేరాయి. 1939లో పేరులోనే సామ్రాజ్యం తొణికిసలాడే మరో కసరత్తు వరస వచ్చింది. జపాన్ పాలనలో ఉన్న కొరియా, తైవాన్‌లలోనూ జనాన్ని పొద్దున్నే వరసల్లో నిలబెట్టారు. ఇరుగుపొరుగు సంఘాలు రేషను పంచడం, మంటలార్పడం, గూఢచారుల మీద కన్నేయడం చేస్తున్న రోజుల్లో, వీధి చివర కసరత్తుకు రానివాడు బద్ధకస్తుడని ఊరుకునే పరిస్థితి లేదు. అతని దేశభక్తి మీదే అనుమానం వచ్చేది. చేయి ఎత్తడం, దించడం అవే. అంకెలు అవే. వెనకున్న భయం మాత్రం కొత్తది.

1945 ఆగస్టు 15న లొంగుబాటు ప్రకటనతో ప్రసారం ఆగి, కొద్ది రోజులకే మళ్ళీ మొదలైంది. కానీ దేశమంతా ఒకే గొంతు ఆజ్ఞకు ఒకేసారి కదలడం దేశాన్ని ఆక్రమించిన మిత్రరాజ్యాల సేనల అధికారులకు కంటగింపుగా ఉంది. 1946 ఏప్రిల్‌లో పాత వరసలు తీసేసి, సైనిక వాసన లేని కొత్త వరస తెచ్చారు. అది కాస్త కష్టంగా ఉంది. పైగా జనానికి అన్నమే దొరకని రోజులు. కడుపు మాడుతున్నవాళ్ళను గెంతమంటే ఎవరు గెంతుతారు? 1947 ఆగస్టు ఆఖరుకు ఆ ప్రసారమూ మూతపడింది.

ఇప్పుడు జపాన్‌లో అందరికీ తెలిసిన వరస 1951 మే 6న మొదలైంది. మొత్తం పదమూడు కదలికలు, మూడు నిమిషాల చిల్లర. సంగీతం హత్తోరి తదాషిది. వీపు నిటారుగా సాగదీస్తూ చేతులు పైకెత్తడంతో మొదలవుతుంది. పక్కలకు వంగడం, నడుము తిప్పడం, మొండేన్ని గుండ్రంగా తిప్పడం అయ్యాక పదకొండో కదలికగా రెండు కాళ్ళ మీద గెంతుతారు. మళ్ళీ నెమ్మదించి, నిండా ఊపిరి పీల్చి వదలడంతో ఆఖరు. ఏ పనిముట్టూ అక్కర్లేదు, చాప అక్కర్లేదు, బట్టలు మార్చుకోనక్కర్లేదు. మరుసటి ఏడాది పనిచేసే వయసువాళ్ళ కోసం కాస్త గట్టి రెండో వరస వచ్చింది. దానికి సంగీతం దాన్ ఇకుమా.

ఉదయం 6:30కు జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో ఈ కసరత్తు పది నిమిషాలు వస్తుంది. స్టూడియోలో పియానో ముందు ఒకరు కూర్చుని వాయిస్తుంటే శిక్షకుడు కదలికలు చెబుతుంటాడు. యుద్ధం తర్వాత ఒకటి మారింది, ఒకటి మారలేదు. రావాలన్న నిర్బంధం పోయింది. ముద్ర మాత్రం మిగిలింది. తిరిగి మొదలైన కసరత్తును మోసింది మళ్ళీ తపాలా బీమా శాఖే. 2007లో ఆ శాఖ ప్రైవేటు కంపెనీగా మారినా వేసవి కార్డులు అచ్చు వేయడం మానలేదు.

బళ్ళలో డ్రిల్లుగా, ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు ముందు ఒళ్ళు వేడెక్కించే పనిగా కూడా ఇది పాతుకుపోయింది. కట్టడాల దగ్గర హెల్మెట్లు పెట్టుకున్న కూలీలు క్రేను కింద వరసల్లో నిలబడి ఇదే పాటకు చేతులూపడం జపాన్‌లో మామూలు దృశ్యం. షిఫ్టుకు ముందు కలిసి ఒళ్ళు సాగదీసుకునే ఆ పద్ధతి 1980ల్లో సుజుకి వెంట మన దేశానికీ వచ్చింది. గుర్‌గావ్‌లోని మారుతి ఫ్యాక్టరీలో మేనేజరూ కార్మికుడూ ఒకే రకం యూనిఫాం వేసుకుని పొద్దున్నే కసరత్తు చేయడం అప్పట్లో పెద్ద వింతగా చెప్పుకునేవారు. చైనా కూడా 1951 నవంబరులోనే తన సొంత రేడియో వ్యాయామం ప్రకటించింది. అక్కడ బడిపిల్లలు దశాబ్దాల పాటు దానికే చేతులూపారు.

ఇళ్ళలోకి వీడియో వచ్చాక ప్రపంచం మళ్ళీ గ్రామఫోను దారి పట్టింది. 1982లో నటి జేన్ ఫోండా వ్యాయామ క్యాసెట్ విడుదలై రికార్డు స్థాయిలో అమ్ముడుపోయింది. వీసీఆర్ కొనడానికి చాలామందికి అదొక సాకు కూడా అయింది. కానీ క్యాసెట్ మళ్ళీ మన చెప్పుచేతల్లో ఉండేదే. ఆపు అంటే ఆగుతుంది, బీరువాలో పెడితే అక్కడే ఉంటుంది. నిర్ణీత వేళ బలం మళ్ళీ లోకానికి తెలిసొచ్చింది 2020 మార్చిలో. లాక్‌డౌన్‌తో బళ్ళు మూతపడిన వారం, బ్రిటన్‌లో జో విక్స్ అనే శిక్షకుడు రోజూ ఉదయం తొమ్మిదింటికి యూట్యూబులో ప్రత్యక్షంగా పిల్లలకు కసరత్తు మొదలుపెట్టాడు. రెండో రోజు ఒకే సమయంలో చూసిన పరికరాల సంఖ్య తొమ్మిదిన్నర లక్షలు దాటి గిన్నిస్ రికార్డుకెక్కింది. తర్వాత అది వారానికి మూడు రోజులకు తగ్గి, జులైలో ముగిసింది. వేళ ఉంది, గొంతు ఉంది. రాని పిల్లవాణ్ణి ‘ఏరా, నిన్న కనబడలేదే’ అని అడిగే పేట పెద్ద మాత్రం ఆ తెరలో లేడు.

జపాన్‌లోనూ ఆ పేట పెద్దలకు కరువు వస్తోంది. పిల్లలు తగ్గిపోతున్నారు. వంతులవారీగా ముద్రలు వేయడానికి ఉద్యోగాలకు పోయే తల్లిదండ్రులకు తీరిక లేదు. పొద్దున్నే ఈ గోలేమిటని ఫిర్యాదు చేసే ఇరుగుపొరుగూ ఉన్నారు. ఒకప్పుడు వేసవి సెలవులంతా సాగిన కూటాలను చాలా పేటలు ఒక వారానికో, కొన్ని రోజులకో కుదించుకున్నాయి. కొన్ని చోట్ల ఎత్తేశారు. మరోపక్క, రోజూ పార్కుల్లో చేరే వాళ్ళలో నెరిసిన తలలే ఎక్కువ. 1950ల్లో మెళ్ళో కార్డు వేసుకుని వచ్చిన తరం అది. కూర్చునీ చేసుకోగల తేలిక వరస ఒకటి 1999లో, ఐక్యరాజ్య సమితి వృద్ధుల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది, వాళ్ళ వయసువాళ్ళను కూడా దృష్టిలో పెట్టుకుని వచ్చింది. ఏళ్ళ తరబడి కూటాలు నడిపేవాళ్ళకు జాతీయ రేడియో కసరత్తు సమాఖ్య పురస్కారాలిస్తుంది.

ఏటా జులై 20 ప్రాంతం నుంచి ఆగస్టు 31 దాకా శిక్షకుడూ పియానో వాయించేవాళ్ళూ రోజుకో ఊరికి వెళ్ళి మైదానాల నుంచే ప్రత్యక్ష ప్రసారం చేస్తారు. వేల మంది ఒకేసారి గెంతే ఆ యాత్ర 2020 వేసవిలో కరోనా వల్ల రద్దయింది. ప్రసారం మాత్రం రోజూ స్టూడియో నుంచి సాగింది. పార్కుకు వెళ్ళే అవకాశం లేని పెద్దవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు రేడియో పెట్టుకుని చేశారు. ఆంక్షలు సడలాక మళ్ళీ పార్కుల్లో చేరారు, మొదట మనిషికీ మనిషికీ ఎడం ఉంచి, తర్వాత మామూలుగా. చాలా కూటాల్లో కసరత్తు పది నిమిషాలు, ఆ తర్వాత కబుర్లు అరగంట.