గుంటూరు గ్రహణమూ పరమాణువూ

మన సభలలో ఎవరో ఒకరు లేచి "హీలియం అనే మూలకాన్ని కనిపెట్టింది మన గుంటూరులోనే" అని చెప్పడం, అందరం చప్పట్లు కొట్టడం మామూలే. మేమూ కొట్టినవాళ్ళమే. కాని ఆ మాటలో నిజం సగం. తక్కిన సగం అంతకంటె బాగుంటుంది.

1868 ఆగస్టు 18న తెలుగు నేల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. కోరంగి రేవు పేరున మారిషస్‌లో 'కోరంగీలు' అనిపించుకున్న మన పూర్వులు చెరకు తోటలలో ఒప్పందపు కూలి చేస్తున్న రోజులవి. ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరు వచ్చి దిగాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్, వనపర్తిలో ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి దుర్భిణులు నిలిపారు. (రఘునాథాచారి పేరు మన సభలలో ఎవరూ ఎత్తరెందుకో!)

చీకటి నిలిచింది ఐదు నిమిషాల పైచిలుకు. సూర్యుని అంచున లేచిన ఎర్రని జ్వాలల వెలుగును గాజు పట్టకం గుండా చూస్తే విడివిడిగా రంగు గీతలు కనబడ్డాయి. అది ఉదజని వాయువని తేలింది. గ్రహణం లేకుండానే ఆ జ్వాలలను చూసే ఉపాయం మరునాడే జాన్సెన్‌కు దొరికింది. గుంటూరుకు దక్కిన గౌరవం ఇది. ఇక గీతలలో పసుపుపచ్చది సోడియంది కావాలనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్, తానూ స్వయంగా ఆ ఉపాయమే కనిపెట్టి చూసి, ఆ గీత సోడియం గీతల చోట లేదని గుర్తించాడు. ఇది కొత్త మూలకమని ఊహించాడు. గ్రీకు భాషలో సూర్యుని పేరే దానికి పేరయింది.

భూమి మీద అది చేతికి చిక్కింది 1895లో. లండనులో రామ్సే యురేనియం ఖనిజంలోంచి రాబట్టాడు. ఇరవై ఏడేళ్ళు ఎందుకు పట్టింది?

పరమాణువు నడుమ కేంద్రకం, అందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు; చుట్టూ వరుసలుగా ఎలక్ట్రాన్లు. సోడియానికి పదకొండు: మొదటి వరుసలో రెండు, తర్వాత ఎనిమిది, వెలుపల ఒంటరిగా ఒకటి. క్లోరిన్‌కు వెలుపల ఏడున్నాయి, ఒకటి తక్కువ. ఆ ఒంటరిదాన్ని దీనికి ఇచ్చేస్తే మన వంటింటి ఉప్పు తయారు. హీలియానికి ఉన్నవే రెండు. మొదటి వరుసలో పట్టేవీ రెండే. ఇవ్వడానికి మిగిలిందీ లేదు, పుచ్చుకోవడానికి చోటూ లేదు. అందుచేత దేనితోనూ కలవదు. పైగా తేలిక, ఆకాశంలోకి జారిపోతుంది.

గీతల సంగతి 1913లో బోర్ విప్పాడు. ఎలక్ట్రాన్ పై మెట్టు నుండి కింది మెట్టుకు దిగినప్పుడు నిర్ణీతమైన రంగు వెలుగు వస్తుంది. మెట్ల ఎత్తు ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క తీరు. పసుపు గీతల పేచీ అక్కడ తీరింది.

అంతకు ముందే మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ బృందం ఆల్ఫా కణాలను పలుచని బంగారు రేకు మీదికి వదిలింది. చాలావరకు దాటిపోయాయి, ఏవో కొన్ని వెనక్కి వచ్చాయి. రేకులోని పరమాణువుల నడుమ గట్టి కేంద్రకం ఉన్నదని 1911లో తెలిసింది ఆ దెబ్బతోనే. ఆ ఆల్ఫా కణాలు మరేవో కావు, ఎలక్ట్రాన్లు ఊడిన హీలియం పరమాణువులే.