శ్రమ, ఆహారం, బరువు: చెంగైల్ జూట్ మిల్లు నుండి లండన్ బస్సుల దాకా ఒక పరిశోధన చరిత్ర

ఉపోద్ఘాతం

‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ అన్న సామెత ఆస్తిని గురించినది. శరీరం విషయంలో జరిగేది దీనికి విరుద్ధం. కూర్చుని తినేవాని ఒంటి మీద కొండ పెరుగుతుంది. ఈ ఎరుక కొత్తది కాదు. చరకసంహిత సూత్రస్థానంలోని అష్టౌనిందితీయాధ్యాయం అతిస్థౌల్యానికి కారణాలు చెబుతూ అతిభోజనం, పగటినిద్రలతో పాటు వ్యాయామం లేకపోవడాన్ని, బీజస్వభావాన్ని కూడా పేర్కొన్నది. అయితే ఎంత శ్రమకు ఎంత ఆకలి పుడుతుంది, ఆ తిండి ఎంత బరువుగా నిలుస్తుంది అన్న ప్రశ్నలను నిత్యం పనిచేసుకునే మనుషుల మధ్యకు తీసుకువెళ్ళి పరిశీలించిన అధ్యయనాలలో 1950ల నాటి రెండు ప్రసిద్ధమైనవి. ఒకటి పశ్చిమ బెంగాల్‌లోనిది, రెండవది లండన్‌లోనిది. వ్యాయామం చేస్తే బరువు తగ్గుతుందనడానికి ఈ రెండింటినీ నేటికీ సాక్ష్యంగా చూపుతుంటారు. మూలంలో అవి చెప్పినది అంతకంటే పరిమితమైనది, అంతకంటే ఆలోచింపదగినది.

చెంగైల్ మిల్లు

ఆ రోజుల్లో స్థూలకాయానికి వ్యాయామాన్ని సూచించడానికి వైద్యులలో అనేకులు వెనుకాడేవారు. వారి వాదన సరళమైనది. వ్యాయామం ఆకలిని పెంచుతుంది, పెరిగిన ఆకలి ఖర్చయిన శక్తిని తిరిగి రాబడుతుంది, కనుక ప్రయోజనం శూన్యం. ఫ్రాన్సులో జన్మించి, రెండవ ప్రపంచయుద్ధంలో పోరాడి, అనంతరం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పోషకాహార శాస్త్రాన్ని బోధించిన జాన్ మేయర్ ఈ వాదనను అంగీకరించలేదు. 1954లో ఆయన బృందం ఎలుకలను రోజూ వేర్వేరు వ్యవధుల పాటు యంత్రం మీద పరుగెత్తించింది. గంట, అంతకు పైబడి పరుగెత్తిన ఎలుకలు శ్రమకు తగినట్లు ఎక్కువ తిని బరువును నిలుపుకున్నాయి. గంటకు లోపు పరుగెత్తినవి మాత్రం, ఏమాత్రం కదలని ఎలుకలకంటే ఎక్కువ తినలేదు సరికదా కొంత తక్కువే తిన్నాయి. అంటే ఆకలి శ్రమను అనుసరించేది ఒక హద్దు దాటిన తరువాతనే. ఆ హద్దుకు దిగువన ఆ రెండింటికీ పొంతన తప్పుతుంది.

ఈ సూత్రం మనుషులకు వర్తిస్తుందా అని చూడడానికి మేయర్, పూర్ణిమా రాయ్, కామాఖ్యా ప్రసాద్ మిత్రా హావ్‌డా ప్రాంతంలోని చెంగైల్ జూట్ మిల్లును ఎన్నుకున్నారు. ఫలితాలు 1956లో వెలువడ్డాయి. జూట్ మిల్లు ఇటువంటి పరిశీలనకు ఎంతో అనువైన చోటు. నెల్లిమర్ల, చిట్టివలస, ఏలూరు మిల్లుల సంగతి తెలిసిన తెలుగువారికి ఈ మాట వివరించనక్కరలేదు. రోజంతా బజారులో కూర్చునే దుకాణదారులు, బల్లల ముందు గుమాస్తాలు, మగ్గాల దగ్గర నేతపనివారు, బరువులు మోసేవారు, బొగ్గుపని చేసేవారు, కమ్మరులు, ఇలా శ్రమలోని మెట్లన్నీ ఒకే ఆవరణ చుట్టూ కనిపిస్తాయి. మొత్తం 213 మంది పురుషుల ఆహారాన్ని, బరువును, వారి వృత్తిలోని శ్రమను పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశారు.

తేలికపాటి పని నుండి కఠినమైన పని వైపు వెళ్ళేకొద్దీ ఆహారం పెరిగింది, బరువు దాదాపు నిలకడగా ఉంది. ఆశ్చర్యం రెండవ కొసన కనిపించింది. దాదాపు కదలకుండా కూర్చునేవారు తేలికపాటి పనివారికంటే తక్కువ తినవలసింది. వారు కఠినశ్రమ చేసేవారితో సమానంగా తింటున్నారు. బరువులో అందరినీ మించినవారూ వారే. ఎలుకలలో కనిపించిన వక్రరేఖే మిల్లులోనూ కనిపించింది.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. చెంగైల్‌లో ఎవరినీ వ్యాయామంలో పెట్టలేదు, ఎవరి బరువునూ తగ్గించలేదు. ఒక కాలబిందువు వద్ద వేర్వేరు మనుషులను పోల్చి చూశారు. శ్రమను నేరుగా కొలవలేదు, వృత్తిని బట్టి అంచనా వేశారు. దుకాణదారునికీ బొగ్గు మోసేవానికీ మధ్య ఉన్నది శ్రమ భేదం ఒక్కటే కాదు. ఆదాయంలో, ఆహారపు అలవాట్లలో, సామాజిక స్థాయిలో కూడా భేదాలున్నాయి. బొజ్జ సంపన్నతకు గుర్తుగా చెల్లిన సమాజంలో ఈ భేదాలను పక్కన పెట్టడం సాధ్యం కాదు.

యూనిఫారాల సాక్ష్యం

లండన్‌లో జెరెమీ మారిస్ బృందం 1953లో ప్రకటించిన అధ్యయనం బరువును గురించినది కాదు, గుండెజబ్బును గురించినది. 35 నుండి 64 ఏళ్ళ మధ్య వయస్సు గల సుమారు 31,000 మంది రవాణా సిబ్బంది దానికి ఆధారం. రెండంతస్తుల బస్సులో డ్రైవరు పని వేళలో అత్యధిక భాగం కూర్చునే ఉంటాడు. కండక్టరు రోజుకు 500 నుండి 750 మెట్లు ఎక్కుతాడు. కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా, కొంత ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో కనిపించింది. తపాలా శాఖలో నడిచి ఉత్తరాలు పంచేవారికీ, కూర్చుని పనిచేసేవారికీ మధ్య కూడా ఇటువంటి తేడాయే కనిపించింది.

ఈ ఫలితాన్ని ప్రశ్నించడానికి ఇతరుల కోసం ఆగకుండా మారిస్ బృందమే ముందుకు వచ్చింది. సంస్థ సిబ్బందికి యూనిఫారాలు కుట్టించి ఇస్తుంది, కనుక ప్రతివాని నడుము కొలత దాని వద్ద నమోదై ఉంటుంది. 1956లో హెడీ, మారిస్, రాఫిల్ ఆ కొలతలను పరిశీలించి ‘యూనిఫారాల సాంక్రామిక శాస్త్రం’ అన్న చమత్కారమైన ఉపశీర్షికతో వ్యాసం ప్రకటించారు. అన్ని వయోవర్గాలలోనూ డ్రైవర్ల నడుము కండక్టర్లకంటే లావుగా ఉంది, యువకులలో సైతం. అంటే డ్రైవరు సీటు మనిషిని లావు చేసిందో, లావుగా ఉన్నవారే డ్రైవరు సీటును చేరుకున్నారో 1953 నాటి లెక్కలు ఒక్కటే తేల్చలేవు. తమ సిద్ధాంతానికి తామే దర్జీ కొలతలతో అభ్యంతరం లేవదీసిన ఈ నిజాయితీ పరిశోధన చరిత్రలో తరచుగా కనిపించేది కాదు.

తరువాతి విశ్లేషణలో మరొక విశేషం బయటపడింది. సన్ననివారు, మధ్యస్థులు, లావుపాటివారు అని నడుము కొలతను బట్టి విడదీసి చూసినా, ప్రతి వర్గంలోనూ కండక్టర్లలో ఆకస్మిక మరణాలు డ్రైవర్లకంటే బాగా తక్కువ. కదలిక వల్ల గుండెకు కలిగే మేలు, బరువు తగ్గడం అనే దారి గుండా మాత్రమే రానక్కరలేదన్నమాట. బరువు తగ్గలేదని నడక మానుకునేవారికి ఈ పాత లెక్క చేరవలసినంతగా చేరలేదు.

హైదరాబాదు పట్టిక, హడ్జా కొలతలు

1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ నేటి జాతీయ పోషకాహార సంస్థ. భారతీయుల శక్తి అవసరాల పట్టికలకు ఈ సంస్థతో విడదీయరాని సంబంధం ఉంది. 2010 నాటి పట్టిక 60 కిలోల పురుషునికి కూర్చుని చేసే పని అయితే రోజుకు 2,320, మధ్యస్థ శ్రమకు 2,730, కఠినశ్రమకు 3,490 కిలోకాలరీలు సూచించింది. ఇది అవసరాన్ని చెప్పే లెక్క. కూర్చునేవాని ఆకలి ఆ 2,320 దగ్గర ఆగుతుందన్న హామీ ఏ పట్టికా ఇవ్వదు. చెంగైల్ దుకాణదారులు చూపినది ఈ తేడానే.

పట్టికలోని రెండవ అంచనా, అంటే శ్రమ పెరిగితే మొత్తం ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతుందన్నది, 2012లో మరో దిక్కు నుండి ప్రశ్నకు గురైంది. హెర్మన్ పాంట్జర్ బృందం ఉత్తర టాంజానియాలో వేట, ఆహార సేకరణలతో జీవించే హడ్జా ప్రజల శక్తివ్యయాన్ని ఐసోటోపులు కలిపిన నీటితో నేరుగా కొలిచింది. హడ్జాలు పాశ్చాత్య నగరవాసులకంటే ఎంతో ఎక్కువ కదులుతారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక మాత్రం వారి రోజువారీ మొత్తం ఖర్చు పాశ్చాత్యులతో దాదాపు సమానమని తేలింది. ఎక్కువ శ్రమకు అలవాటుపడిన దేహం ఇతర వ్యయాలను తగ్గించుకుంటుందని పాంట్జర్ వివరణ. దానిమీద చర్చ ఇంకా ముగియలేదు. చెంగైల్‌లో కఠినశ్రమ చేసేవారు ఎక్కువ తిన్న మాటను ఈ వివరణతో పొసగించడం సులభం కాదు. మిల్లులో తిండిని లెక్కించారు గాని ఖర్చును కొలవలేదు. మనుషుల మీద ఐసోటోపుల నీటి పద్ధతి అమలులోకి వచ్చింది 1980లలోనే.