బయానా సొమ్ము - నేతగాని స్వలాభము



మన కులవృత్తి చరిత్రమును వ్రాయునపుడు పూర్వుల నైపుణ్యమును పొగడుటయు, పరదేశీయుల దౌష్ట్యమును నిందించుటయు పరిపాటియై యున్నది. ఆ రెండును సత్యదూరములు కావు. కాని నేతగాడు ఏ వేళ నెవరికి బట్ట నేసెను, ఏల నేసెను, ఏల మానెను అను ప్రశ్నలకు పొగడ్తగాని నిందగాని సమాధానము చెప్పజాలదు. తన శ్రమకు ఫలమెచ్చట దొరకునో మనుష్యు డచ్చటికే పోవును. ఉత్తర సర్కారుల నేతపని చరిత్రమును ఈ దృష్టితో పరిశీలించి మీ ముందుంచ సాహసించుచున్నాము.

డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను మచిలీపట్టణమున వర్తకము ప్రారంభించిరి. కాలక్రమమున ఇంజరము, మాధవాయపాలెములలో ఇంగ్లీషువారికిని, జగన్నాథపురమున డచ్చివారికిని, యానాములో ఫ్రెంచివారికిని కొఠీలు వెలసెను. ఇంజరమునకు యానాము మిక్కిలి చేరువ. ఒకరు ధర తగ్గించిన వేరొకరు కొనుటకు సిద్ధముగా నుండిరి. దేశీయవర్తకులు సరేసరి. ఇట్లు నేతగాని వాకిట కొనువారు పలువురైరి.

ఆ కాలమున వర్తకుడు ముందుగా బయానా సొమ్ము నిచ్చెడివాడు. దానితో నేతగాడు నూలు కొని, పడుగు పూర్తియగువరకు కుటుంబమును పోషించుకొనెడివాడు. ఇందొక సదాచారము కలదు. మనసు మారినచో నేతగాడు బయానా తిరిగి యిచ్చివేసి ఒప్పందము నుండి తొలగవచ్చును. ఈ చిన్న మర్యాదలోనే అతని బలమంతయు నుండెను. నేతగాడు చేయి జారిపోవునను భయముచేత వర్తకుడు సరియైన వెల నిచ్చెను. మంచి వెల దొరకుటచేత నేతగాడు మంచి బట్ట నేసెను. ఇరువురి స్వలాభములును ఒక్క కావడికి రెండు కుండలవలె నొదిగి యుండెను.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచేతను, 1766లో నిజాముతో సంధిచేతను ఉత్తర సర్కారులు కంపెనీవారి కబ్బినవి. కొనువాడే యేలువాడయ్యెను. నడుమనున్న వర్తకులను క్రమముగా తొలగించి, కంపెనీవారు తమ గుమాస్తాలద్వారమున నేతగాండ్రకే బయానా లీయ జొచ్చిరి. ఒకసారి బయానా పుచ్చుకొన్నవాడు ఇతరులకు నేయరాదనిరి. మగ్గములయొద్ద బంట్రోతులను కావలి యుంచిరి. వెల నిర్ణయించుట వారిదే, బట్టను రకములుగా తేల్చుట వారిదే, పనికిరాదని త్రోసివేయుటయు వారిదే.

దీని ఫలమేమి? బట్ట నాణెము పుంజములతో లెక్కింపబడునని మన పెద్ద లెరుగుదురు. పుంజమునకు 120 పోగులు. పదునాలుగు పుంజముల బట్టకు 1680 పోగులు కావలెను. నూలు ధర పెరిగినను బట్ట వెల పెరుగనిచో, ఒక్క పుంజము తగ్గించిన 120 పోగుల నూలు మిగులును. ఆ మిగులు పిల్లల నోటికి గంజి. 1791, 92 సంవత్సరముల ఘోరక్షామమున ఈ లెక్కకు విలువ ఎంతటిదో వేరుగ చెప్పనక్కరలేదు. కొందరు పోగులు తగ్గించిరి. కొందరు రహస్యముగా పరులకు బట్ట నమ్మిరి. కొందరు మగ్గములు విడిచి వలసపోయిరి. 1798 ప్రాంతమున గోదావరి సీమ నేతగాండ్రు పని మాని గుమిగూడి తమ మొర వినిపించిరి. కొఠీవారు దీనిని మోసమనియు సోమరితనమనియు వ్రాసికొనిరి. బయానా తిరిగి యిచ్చు తెరువు మూసివేసిన తరువాత మిగిలిన తెరువు లివియేగదా!

ఇచ్చట మన తప్పును దాచుట ధర్మము కాదు. కంపెనీకిని నేతగాండ్రకును నడుమ నిలిచి బయానాలు పంచినవారిలో మన పెద్ద నేతగాండ్రును కలరు. వారి లాభము కంపెనీ కొఠీలో నుండెను గాని తోటివాని మగ్గమున లేదు. కులమొక్కటియైనంత మాత్రమున స్వలాభ మొక్కటి కాదని ఈ చరిత్రము చాటుచున్నది.

1776లో ఆడం స్మిత్తు అను స్కాట్లాండు పండితుడు వర్తకులే ప్రభువులైనచో కలుగు కీడును విశదీకరించెను. దేశము బాగుపడిన ప్రభువునకు లాభము. సరకు చౌకయైన వర్తకునకు లాభము. ఈ రెండవ లాభమే మొదటిదానిని మ్రింగునని యతని యాశయము. మన సర్కారులే యిందుకు సాక్ష్యము.

1813 శాసనముతో ఇండియా వర్తకమున కంపెనీ గుత్తాధికారము పోయెను. 1833 శాసనముతో వారి వర్తకమే ముగిసెను. నిర్బంధించువాడు పోయెను గాని కొనువాడును పోయెను. ఇంతలో ఇంగ్లండు మరబట్ట వచ్చిపడెను. చౌకయైన బట్టను కొన్న గ్రామీణుని నిందించుటకు మనకు నోరు లేదు. ఏలయన మరనూలు చౌకయని మనమే కొంటిమి. అందుచే పల్లెపల్లెను రాట్నము త్రిప్పి పొట్టపోసికొను స్త్రీల జీవనము పోయెను. మన మగ్గమును నిలిపిన లెక్కయే వారి రాట్నము నాపివేసెను.

1904, 1912 సంవత్సరముల సహకార శాసనముల పిదప మన నేతగాండ్రును సంఘములు కట్టుకొనిరి. 1935లో మదరాసు రాజధాని చేనేత పారిశ్రామికుల రాష్ట్ర సహకార సంఘ మేర్పడెను. నూలు సరసముగా దొరకి, మంచి బట్టకు మంచి కూలి ముట్టి, లాభమున వంతు వచ్చినచోట సభ్యుడు సంఘమును తన మగ్గమువలె కాపాడుకొనును. పేరు వ్రాయించుకొన్నంతనే ఋణము దొరకుచోట మగ్గములు కాగితముల మీదనే యాడును. ఇందు గుణభేదము లేదు. ఏర్పాటునందలి భేదమే కలదు.

కావున మహాసభవారికి మా మనవి యొక్కటే. ఏ తీర్మానము చేసినను, దీనివలన మగ్గపుగుంటలో కూర్చున్నవానికి దొరకునదేమి అని ముందుగా ప్రశ్నించుకొనుడు. కులాభిమానము నుపదేశించి, తక్కువ కూలికి నేయుమనుట పూర్వపు కొఠీవారి మార్గమే యగును. నేడును షావుకారు నప్పు తీర్చలేక ఒక్క వాకిటనే కట్టుపడిన నేతగాండ్రు మనలో పెక్కురు కలరు. ఇచ్చిన సొమ్ము తిరిగి చెల్లించి, "నీకు నేయను, పొమ్ము" అని మర్యాదగా చెప్పగల స్వాతంత్ర్యమును వారికి తిరిగి సమకూర్చితిమా, నాణెము దానంతటదియే వచ్చును.