షాన్సీ రైలుదారులు, పింగ్యావ్ కోట

బీజింగులో ప్రొద్దున రైలెక్కిన యాత్రికుడు మధ్యాహ్నం తిరుగకముందే షాన్సీ రాష్ట్రంలోని పింగ్యావ్ పట్టణం చేరుకొనగలడు. వీపున సంచి తగిలించుకొని దేశదేశాలనుండి వచ్చే యువజనులకు ఈ ప్రయాణం పరిపాటి అయినది. కోటద్వారం దాటగానే బూడిదరంగు ఇటుక ఇండ్లు, వరుసదీరిన అంగళ్లు. రాత్రి బస ఏ వర్తకుని పాత లోగిలిలోనో దొరుకును. ఆ లోగిలి మన మండువా ఇంటిని గుర్తుకు తెచ్చును. దాని కప్పులు కూడ లోవాలుగానే దిగి, వాననీటిని నడిమి ముంగిటికి చేర్చును. పడక ఇటుకలతో కట్టిన అరుగు. శీతకాలంలో పొయ్యి సెగ దానిక్రిందుగా ప్రవహించునట్లు ఏర్పాటున్నది. దీనిని వారు 'కాంగ్' అందురు. తెల్లవారి లేచిన అతిథి, కాలం ఇక్కడ నిలిచిపోయినదని ఇంటికి జాబు వ్రాయును. ఈ మాట చరిత్రకు మిక్కిలి దూరమైనది. పింగ్యావ్ చెక్కుచెదరక మిగులుటకు కారణం అది చితికిపోవుటయే.

ఇప్పుడు చూచే కోటగోడను మింగు వంశపు తొలినాళ్లలో, 1370లో, తిరుగగట్టినారు. చుట్టుకొలత ఆరు కిలోమీటర్లకు పైబడినది. కాని ఊరి పేరు దేశమంతటా మ్రోగినది 19వ శతాబ్దిలో. 1823 ప్రాంతంలో ఇచ్చటి రంగుల వర్తకశాల ఒకటి 'రిషెంగ్‌చాంగ్' అను పేర హుండీల కొఠీగా మారినది. బీజింగులో వ్యాపారం చేసే షాన్సీ వర్తకుడు తన వెండిని దొంగల దారుల వెంట బండ్లమీద పంపనక్కరలేదు. అక్కడి శాఖలో చెల్లించి చీటీ తీసికొన్నచో ఇంటివద్ద వెండి చేతికి వచ్చును. మార్వాడీ హుండీని ఎరిగిన మన పాఠకులకు ఈ పద్ధతి వింత కాదు. చీటీలో తేదీని, మొత్తాన్ని రహస్యసంకేతమైన అక్షరాలలో వ్రాసేవారు. మోసం జరుగకుండా ఆ సంకేతాన్ని అప్పుడప్పుడు మార్చేవారు. ఇటువంటి కొఠీలు పింగ్యావ్‌లో ఇంకను వెలసినవి. పిమ్మట రేవుపట్టణాలలో క్రొత్తతరహా బ్యాంకులు వచ్చినవి. 1911 విప్లవంలో అప్పులు మునిగినవి. 1914లో రిషెంగ్‌చాంగ్ దివాలా తీసినది. పాత ఇండ్లు పడగొట్టి మేడలు కట్టే స్తోమత అటుపై ఊరికి లేకపోయినది. దారిద్ర్యం కాపలా కాసినంత నమ్మకంగా ఏ శాసనమూ పురాతన గృహాలను కాపాడలేదేమో!

షాన్సీకి రైలు ఆలస్యంగా వచ్చినది. 1907లో తైయువాన్ నగరానికి తొలి మార్గం ఏర్పడినది. అది మీటరు వెడల్పుది. కావున బీజింగునుండి వచ్చువారు షిజియాజువాంగ్‌లో పెద్దబండి దిగి చిన్నబండి ఎక్కవలసి వచ్చేది. 1924 మే నెలలో రవీంద్రనాథ ఠాకూరు తైయువాన్ వెళ్లినాడు. కవి షూ జిమో వెంట నున్నాడు. ఆ రాష్ట్రాన్ని ఏలుచున్న సేనాని యాన్ షీషాన్‌తో గురుదేవుడు గ్రామోద్ధరణను గురించి ముచ్చటించినాడు. అంతకు కొద్దిదినాల ముందు, ఆయన పుట్టినరోజున, బీజింగులో 'చిత్ర' నాటకాన్ని ఆడినారు. చిత్రాంగద వేషం ధరించినది లిన్ హుయీన్ అను పందొమ్మిదేండ్ల యువతి. ఆమెకు షాన్సీతో సంబంధం మరి కొన్నేండ్లకు గాని ఏర్పడలేదు.

యాన్ షీషాన్ 1933లో తన రాష్ట్రాన్ని ఉత్తర దక్షిణాలుగా చీల్చుకొని పోయే సొంత రైలుమార్గానికి పని మొదలుపెట్టినాడు. అదియు మీటరు వెడల్పుదే. ఖర్చు తగ్గునని ఆయన చెప్పిన కారణం. పొరుగు సేనానుల బండ్లు లోనికి రాకుండుటకని లోకుల మాట. రెంటిలోను నిజం ఉండవచ్చును. ఈ మార్గమే పింగ్యావ్ గోడ ప్రక్కగా పోయినది. లోనికి మాత్రం చొరలేదు.

1934 వేసవిలో లిన్ హుయీన్, ఆమె భర్త లియాంగ్ సిచెంగ్, అమెరికనులైన ఫెయిర్‌బాంక్ దంపతులతో కలసి ఫెన్ నది లోయ వెంట పాత దేవాలయాలు కొలుచుకొంటూ బయలుదేరినారు. దంపతులిద్దరును వాస్తుశాస్త్రజ్ఞులు. యాన్ కూలీలు బాటను త్రవ్వి రైలుకట్ట పోయుచున్నందున మోటారు సాగలేదు. రైలు ఇంకను రాలేదు, బాట అప్పటికే పోయినది. బురదలో చాలాదూరం నడచి, గుడులలో పడుకొని వారు ముందుకు సాగినారు.

మూడేండ్లకు, 1937 జూనులో, ఆ దంపతులు తైయువాన్ వరకు రైలులో వచ్చి, పిమ్మట కంచరగాడిదల మీద వూతై పర్వతం చేరినారు. బౌద్ధులకు ఇది మంజుశ్రీ నివాసం. తాంగు వంశకాలపు కొయ్యకట్టడం చైనాలో ఒక్కటియు మిగులలేదని, చూడగోరువారు నారాకు పోవలసినదేయని జపాను పండితులు అనేవారు. ఆ మాట లియాంగును ముల్లువలె బాధించినది. జనసంచారం తక్కువైన కొండమూలలో ఫోగ్వాంగ్ ఆలయం కనిపించినది. గబ్బిలాలు, నల్లులు, వెయ్యేండ్ల దుమ్ము మధ్య దూలాలెక్కి కొలతలు తీసికొన్నారు. ఒక దూలం అడుగున మసకబారిన సిరా వ్రాతను మొదట పోల్చినది లిన్ హుయీన్. కడిగి చదువగా నింగ్ గోంగ్‌యూ అను స్త్రీ దాతయని తేలినది. అదే పేరు గుడి ముందరి శిలాస్తంభం మీద, 857వ సంవత్సరపు తేదీతో, ఉన్నది. పండితుల వాదం ఆ ఇద్దరు స్త్రీల మూలాన, దానమిచ్చినామె, చదివినామె మూలాన, వీగిపోయినది.

ఆ ఆనందం ఎక్కువ దినాలు నిలువలేదు. జులై 7న బీజింగు వద్ద లూగౌ వంతెనపై జపాను సేనలతో పోరు మొదలైనది. కొండలలోనున్న వీరికి ఆ వార్త కొన్నిదినాల తరువాత పాత పత్రికల ద్వారా అందినది. దక్షిణపు దారి మూసికొనిపోగా దాతోంగ్ మీదుగా, విదేశీ ఇంజనీర్ల సాయం లేకుండ జాన్ తియన్యూ 1909లో పూర్తిచేసిన మార్గం వెంట, ఇల్లు చేరినారు.

బీజింగు కోటగోడను తీసివేయవద్దని, దానిపై ఉద్యానవనం వేయవచ్చునని లియాంగ్ 1950లలో ఎంతగానో వేడుకొన్నాడు. ప్రభుత్వం వినలేదు. ఆ దశాబ్దంలో కొంత, 1965లో భూగర్భ రైలు పని ప్రారంభమైన తరువాత మరికొంత, గోడ నేలమట్టమైనది. లిన్ 1955లోను లియాంగ్ 1972లోను గతించినారు. బీజింగులో వారు కాపురమున్న లోగిలిని సైతం 2012లో కూల్చివేసినారు.

ఆ గండం పింగ్యావ్‌కును రాకపోలేదు. 1980 తరువాత ఊరికి కాస్త డబ్బు రాగానే, వెడల్పు రోడ్లకై పాత వీధులను పడగొట్టుటకు పథకం సిద్ధమైనది. పని అప్పటికే ఒకవైపున మొదలైనది. షాంఘైలోని తోంగ్జీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రువాన్ యీసాన్ విద్యార్థులతో వచ్చి, క్రొత్త ఊరును గోడకు వెలుపల కట్టుడని వేరొక పథకం గీసి ఇచ్చి, అధికారులను ఒప్పించినాడు. బీజింగు విషయంలో లియాంగ్ చెప్పినదియు స్థూలంగా ఇదే. పెద్ద రాజధానిలో చెల్లని మాట చిన్న ఊరిలో చెల్లినది. 1997లో యునెస్కో ఈ పట్టణాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చినది.

2014లో అతివేగపు రైలు వచ్చినది. దాని స్టేషనుకు పెట్టిన పేరే 'పింగ్యావ్ ప్రాచీన నగరం'. ఒకప్పుడు ఊరును ప్రక్కన వదలి పోయిన రైలు నేడు ఆ ఊరికొరకే ఆగుచున్నది. కచేరీలు, పాఠశాలలు, పెక్కు కుటుంబాలు గోడ వెలుపలకు తరలినవి. అతిథి వెచ్చగా పడుకొనే అరుగుపై పుట్టి పెరిగినవారు వెలుపలి క్రొత్త ఇండ్లలో ఉన్నారు. లోపల మిగిలినవారికి బస, భోజనం, బొమ్మల అమ్మకమే జీవనం. ఇది తప్పని ఎవరనగలరు? కాని వారి ముంగిళ్లు ఎవరికొరకు మిగిలినవన్న ప్రశ్నను రువాన్ పథకం ఒక్కటే తీర్చజాలదు.

2021 అక్టోబరు తొలివారంలో షాన్సీలో ఎన్నడెరుగని కుండపోతలు కురిసినవి. కోటగోడ లోపలివైపున సుమారు 25 మీటర్ల మేర జారి కూలినది. ఇటుక పైపొర మాత్రమే. లోపలిదంతయు దిమ్మెసతో కొట్టిన మన్ను. నీరు ఇంకి ఆ మన్ను ఉబ్బినది. మరమ్మతులు చేయువారు మరల మన్నుతోనే, పొరపై పొరగా, పూడ్చవలసి వచ్చినది.