మన్యం సరిహద్దు: నేర న్యాయం, ప్రాథమిక హక్కులు (1839–1924)

రోలుగుంట, నర్సీపట్నం మైదానానికీ ఎగువనున్న మన్యానికీ మధ్య వలసపాలనలో ఉన్నది కేవలం భౌగోళికమైన ఎల్ల కాదు. అది రెండు న్యాయవ్యవస్థల సరిహద్దు. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్టణం మన్య ప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుండి తప్పించి, కలెక్టరుకు గవర్నరు ఏజెంటు హోదాలో ప్రత్యేకాధికారాలిచ్చింది. పాలన, విచారణ ఒకే చేతిలో చేరాయి.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి చేసింది. ఆ తిరుగుబాటును అణచడానికి మలబారు ప్రత్యేక పోలీసులు, అనంతరం అస్సాం రైఫిల్స్ వచ్చాయి. బలగాల సహకారానికి ఎల్లలు అడ్డురాలేదు. విచారణ పొందే హక్కుకు మాత్రం అడ్డు నిలిచాయి. 1924 మే 7న పట్టుబడిన రాజును ఏ న్యాయస్థానం ఎదుటా నిలుపకుండానే కొయ్యూరులో కాల్చిచంపారు. విచారణకు నోచుకున్న ఆయన అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించి, బతికి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

అరెస్టయిన వ్యక్తిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్న రాజ్యాంగం 22వ అధికరణాన్ని ఈ నేపథ్యంలో చదవవలసి ఉన్నది. రాష్ట్రాల, దేశాల మధ్య పోలీసు సహకారం ఎంత విస్తరించినా, నిందితునితోపాటు అతని హక్కు కూడా సరిహద్దు దాటుతున్నదా అన్నదే దానికి గీటురాయి.