ఒక్క రాత్రికి కుదించిన పద్నాలుగేళ్లు

ఒక్క ఉత్తరమూ పోలేదు. ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. ఆదోనిలో ఒక పత్తి కమీషన్ వ్యాపారి మెయిలు పెట్టె పాత సర్వరు నుంచి కొత్త సర్వరుకు మారింది. 2008 నుంచి 2022 దాకా ఆయనకు వచ్చినవి, ఆయన రాసినవి అక్షరం చెదరకుండా చేరాయి. తెల్లారి తెరిస్తే మాత్రం ప్రతి ఉత్తరం పక్కనా ఒకటే తేదీ ఉంది, ముందు రాత్రిది.

అప్పటికే ఆయన కాలం చేశారు. లెక్కలు చూసుకుందామని కూర్చున్న కొడుకు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నాయన పోయినంక ఇన్ని ఉత్తరాలు ఒక రాత్రికే ఎట్ల వచ్చినాయి?"

ఆదోని మార్కెట్ యార్డులో పత్తికి తేదీ లేకుండా ధర లేదు. దీపావళి ముందరి రేటు సంక్రాంతికి నిలవదు. పెద్దాయన డైరీ రాసే మనిషి కాదు. ఏ రోజు ఏ మిల్లుకు ఎంత రేటు చెప్పాడు, సరుకులో తేమ ఎక్కువని ఎవరు కొర్రీ పెట్టారు, ఏ లారీ ఎప్పుడు బయల్దేరింది, ఎవరి బాకీకి ఎన్నాళ్లు ఓర్చుకున్నాడు, అన్నీ ఆ పెట్టెలోనే ఉండేవి. ఉత్తరాలు వరసలో ఉన్నంతకాలం అది ఆయన జీవితచరిత్ర. వరస పోయాక ఎమ్మిగనూరు నేత సంఘానికి మొదటి నూలు బేరం ముందో, కొడుకు పెళ్లికి వచ్చిన శుభాకాంక్షలు ముందో చెప్పే దిక్కు లేకపోయింది.

ఇది ఎలా జరిగిందంటే, ఉత్తరానికి రెండు తేదీలుంటాయి. ఒకటి పంపినవాడి యంత్రం లోపల రాసేది. రెండోది సర్వరు దాన్ని అందుకున్న వేళ. పోస్టాఫీసు ముద్ర లాంటిది. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ మొదలుపెట్టిన ఐమాప్ పద్ధతిలో ఈ రెండోదాని పేరు ఇంటర్నల్ డేట్. చాలా మెయిలు పెట్టెలు దీన్నిబట్టే వరస కడతాయి. ఉత్తరాన్ని కొత్త పెట్టెకు అప్పగించేటప్పుడు ఈ తేదీ చెప్పకపోతే ఆ క్షణాన్నే వేసుకొమ్మని ఐమాప్ నిబంధనల పత్రం, 2003 నాటి ఆర్‌ఎఫ్‌సి 3501, చెబుతోంది. డవ్‌కాట్ వంటి సర్వర్లలో మెయిల్‌డిర్ పద్ధతైతే ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. ఆ ఫైలు చివరిగా మారిన సమయమే ముద్ర అవుతుంది. కాపీ కమాండుకు 'మైనస్ పి' అనే గుర్తు జోడిస్తే పాత సమయం వెంట వస్తుంది. ఆ రాత్రి ఎవరో అది జోడించలేదు. పద్నాలుగేళ్ల క్రమం కూలడానికి అంత చిన్న లోపం చాలింది.

ఆదోనికి తేదీలు తారుమారు కావడం కొత్త కాదు. 1786లో ఇక్కడి కోటను పట్టి గోడలు కూలగొట్టించిన టిప్పు సుల్తాను, ఆ వెంటనే హిజ్రీ లెక్క మాని మౌలూదీ లెక్క తెచ్చాడు. ఆయన నాణేల మీద 1201 తర్వాత ఏకంగా 1215 కనిపిస్తుంది. అయినా అక్కడ పోయిందేమీ లేదు. అన్ని ఏళ్లూ ఒక సూత్రం ప్రకారమే జరిగాయి కనుక లెక్క తెలిసినవాళ్లు వెనక్కి తిప్పగలరు. ఇక్కడ ఏళ్లన్నీ ఒక రాత్రిలోకి కుదించుకుపోయాయి. అందులోంచి ఏ కూడికా ఏ తీసివేతా పాత రోజులను బయటికి తీయలేదు. తేదీ ఇంకెక్కడైనా మిగిలి ఉంటేనే ఆశ.

వచ్చిన ఉత్తరాలకు మిగిలింది. మెయిల్‌డిర్ ఫైలు పేరు మొదట్లో ఒక పెద్ద అంకె ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. 1262304000 అని ఉంటే మన గడియారంలో 2010 జనవరి 1 తెల్లవారి 5:30. ముద్ర చెరిగినా పేరు చెరగలేదు. ఉత్తరం తలకట్టులో పైనున్న 'రిసీవ్డ్' వరుసతో దాన్ని సరిచూసి, ఒక్కో ఫైలుకు దాని సమయం తిరిగి వేయించాం. అయినా తెరమీద పాత తప్పే కనిపించింది. ఒకసారి విన్న తేదీని మెయిలు ప్రోగ్రాం మళ్లీ అడగదు. సర్వరు దాచుకున్న సూచికలు తీసేసి, కంప్యూటర్లో ఖాతాను కొత్తగా చేర్చాక 2008 మళ్లీ అడుగుకు చేరింది. కొడుకు ఒక్కో ఏడూ చదువుకుంటూ పైకి వచ్చాడు.

ఆయన పంపిన ఉత్తరాల గతి వేరు. అవి దుకాణంలోని పాత కంప్యూటర్లో ఉండేవి. అక్కణ్ణుంచి తేదీ చెప్పకుండానే కొత్త పెట్టెలోకి లాగారు. ఫైళ్ల పేర్లు కూడా ఆ రాత్రివే. పంపినవాటికి 'రిసీవ్డ్' వరుస ఉండదు కనుక లోపల రాసిన తేదీ ఒక్కటే దిక్కు. చాలావాటికి అది సరిపోయింది. కానీ ఒక సీజనంతా ఆ కంప్యూటర్ బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయి ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని గడియారం 2002 జనవరి 1కి వెళ్లేది. ఖాతా పుట్టక ముందరి తేదీతో ఆయన ఆ సీజను బేరాలన్నీ రాశారు.

కొన్నిటికి జవాబులున్నాయి. జవాబు తలకట్టులో అది ఏ ఉత్తరానికి జవాబో గుర్తు ఉంటుంది. కనుక ఆ ఉత్తరం ఫలానా రోజుకు ముందుదే అని తేల్చగలిగాం. జవాబు లేనివి అలాగే మిగిలాయి. పాత సర్వరు రాసుకున్న చిట్టాల్లో అవి ఏ వేళ బయటికి వెళ్లాయో ఉండేది. అద్దె గడువు తీరగానే ఆ సర్వరును చెరిపేశారని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

అలా మిగిలినవాటిలో ఒకే మిల్లుకు, ఒకే సరుకుకు, రెండు రేట్లు రాసిన రెండు ఉత్తరాలున్నాయి. జవాబు ఫోన్లో వచ్చి ఉంటుంది. ఏది తొలి మాటో, ఏది ఖరారు మాటో రాసిన మనిషికే తెలుసు. తక్కువ రేటే చివరిదని మిల్లువాళ్లు అన్నారు. పాత మెయిళ్లు తామూ దాచుకోలేదన్నారు. "నాయన మాట ఏదో తెలీనప్పుడు నేనెట్ల కొట్లాడేది అన్నా," అని కొడుకు ఆ లెక్కకే ఒప్పుకుని ఖాతా మూసేశాడు.